200 డాలర్లలో రైఫిల్‌కి రెడ్ డాట్: ఏది తీసుకోవాలి?

ప్లేనో_రఘు
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఉంటాను, గ్రీన్ కార్డ్ వచ్చాక మొదటి రైఫిల్ కొన్నాను. ఏఆర్-15, 16 అంగుళాల బ్యారెల్, 5.56 రకం తూటా. పైన ఐరన్ సైట్లు (అద్దాల్లేని మామూలు గురి: వెనక చిన్న కన్నం, ముందు పుల్ల) మాత్రమే ఉన్నాయి. నెలకి రెండుసార్లు రేంజ్‌కి వెళ్తాను. ఎక్కువగా 50 గజాలు, అప్పుడప్పుడు 100. చలికాలంలో అడవి పందుల వేటకి తన రాంచ్‌కి రమ్మని ఆఫీసు ఫ్రెండ్ పిలుస్తున్నాడు.

నా వయసు 44. దూరానికి కళ్ళజోడు ఉంది. ఐరన్ సైట్లతో ముందు పుల్ల మీద చూపు నిలిపితే టార్గెట్ అలుక్కుపోతోంది, టార్గెట్ చూస్తే పుల్ల అలుక్కుపోతోంది. అందుకే రెడ్ డాట్, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్ పెడదామనుకుంటున్నాను. మౌంట్‌తో (రైఫిల్ మీద బిగించే పట్టుతో) కలిపి 200 డాలర్లు పెట్టగలను. ఆన్‌లైన్‌లో చూస్తే 40 డాలర్ల నుంచి 700 దాకా ఉన్నాయి, అన్నిటికీ నాలుగున్నర స్టార్లే!

ఇంకో సంగతి. ఒకటి తెప్పించాను కూడా. రాత్రి ఇంట్లో ఆన్ చేసి చూస్తే చుక్క గుండ్రంగా లేదు, తోక ఉన్న కామాలా ఉంది. డిఫెక్ట్ పీస్ అని వెనక్కి పంపేశాను. ఈసారి మోసపోకూడదని అడుగుతున్నాను.

వరంగల్_వేట
రఘన్నా, కంగ్రాట్స్. నేను ఆరేళ్ళుగా ఇక్కడ పందుల వేటకి వెళ్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

మీ బడ్జెట్‌లో నాలుగు చూడండి: సిగ్ రోమియో5, హోలోసన్ 403బి, వోర్టెక్స్ క్రాస్‌ఫైర్, ప్రైమరీ ఆర్మ్స్ ఎండీ-25. నాలుగూ 2 ఎంఓఏ చుక్కవే, నాలుగింటికీ సీఆర్2032 బిళ్ళ బ్యాటరీయే. సేల్ చూసుకుని కొంటే 120 నుంచి 170 మధ్యలో దొరుకుతాయి.

ఎంఓఏ అంటే కొత్తవాళ్ళకి కంగారు. అది కోణం కొలత. 100 గజాల దగ్గర 1 ఎంఓఏ దాదాపు ఒక అంగుళం. అంటే 2 ఎంఓఏ చుక్క 100 దగ్గర రెండు అంగుళాలు కప్పేస్తుంది, 50 దగ్గర ఒక అంగుళం. పంది చెవి వెనక పెట్టడానికి అది చాలు. బుష్నెల్ టీఆర్ఎస్-25 ఇంకా చవక, దాని చుక్క 3 ఎంఓఏ. కానీ అది చాలా కిందకి కూర్చుంటుంది, ఏఆర్ మీద పెట్టాలంటే కింద ఎత్తు పెంచే రైజర్ వేరే కొనాలి. కదిలిస్తే తనంతట తను వెలిగే సదుపాయం కూడా లేదు. నేను మొదట అదే వాడాను. ఆపడం మర్చిపోయి రెండు బ్యాటరీలు తగలేశాను.

పెద్దాయన_హ్యూస్టన్
బాబూ రఘూ, నా మాట విని ఇంకొన్ని నెలలు డబ్బు కూడబెట్టు. ఎయిమ్‌పాయింట్ ప్రో తీసుకో. ఒక బ్యాటరీతో 30,000 గంటలు వెలుగుతుంది. ఎయిమ్‌పాయింట్ స్వీడన్ కంపెనీ, ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ని 1975లో బజారులోకి తెచ్చింది వాళ్ళే. అమెరికా సైన్యం ఎం68 అని పేరు పెట్టి వాడుతున్నదీ వాళ్ళదే. నా దగ్గర ఉన్నది పన్నెండేళ్ళ నాటిది. పికప్ ట్రక్ వెనక నుంచి గులకరాళ్ళ మీద పడింది. లేపి కాల్చి చూస్తే జీరో (చుక్క పెట్టిన చోటే తూటా పడేలా చేసిన సర్దుబాటు) ఉన్నచోటే ఉంది.

చవక వస్తువు రెండుసార్లు కొనాలి, మంచి వస్తువు ఒక్కసారి కొంటే చాలు. మా నాన్న వ్యవసాయ మోటార్ల గురించి ఇదే అనేవాడు.

మాధవి_పీసీసీ
బాబాయ్ గారూ, మీ ఎయిమ్‌పాయింట్‌ని నేనేమీ అనను, చాలా మంచి వస్తువు. కానీ రఘు గారు యుద్ధానికి వెళ్ళట్లేదు కదా. ప్రో 400 డాలర్ల పైమాటే. ఆ తేడా డబ్బుతో ఎన్ని రౌండ్లు (తూటాలు) వస్తాయో లెక్కేయండి. మొదటి ఏడాది మనిషికి కావలసింది ప్రాక్టీసు.

నేను కార్బైన్ మ్యాచ్‌లకి నాలుగేళ్ళుగా వెళ్తున్నాను. నా దగ్గర ఉన్నది రోమియో5. దాని మీద వేలల్లో రౌండ్లు కాల్చాను, వానలో కాల్చాను, ఒకసారి బారికేడ్‌కి గట్టిగా కొట్టుకుంది కూడా. జీరో కదల్లేదు.

ధర ఎక్కువైతే తప్పు ఉండదని కూడా అనుకోవద్దు. ఈఓటెక్ అనే ఖరీదైన సైట్లలో ఎండకీ చలికీ జీరో జరిగిపోతున్న సంగతి మీద 2015లో దాని యజమాని ఎల్-3 కంపెనీ అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. సైనికుల చేతుల్లోకి వెళ్ళిన ఖరీదైన సామాను అది. ఏదైనా మన రైఫిల్ మీద పెట్టి, మనమే కాల్చి చూసుకోవాలి.

సూర్య_ఆస్టిన్
40 డాలర్ల వాటి జోలికి మాత్రం పోవద్దు బ్రో. పేరు చెప్పను, అలాంటిది ఒకటి నేను కొన్నాను. .22 రైఫిల్ మీద బాగానే నడిచింది. 5.56 మీదకి మార్చాక రెండో మ్యాగజైన్‌కే గ్రూప్ (తూటాలు పడే గుంపు) కుడి వైపు జరగడం మొదలైంది. నా చెయ్యే బాగా లేదనుకుని గంటసేపు ట్రిగ్గర్ మీద కుస్తీ పట్టాను. తర్వాత చుక్కని జరిపే మరని స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్లిక్ తిప్పితే చుక్క కదల్లేదు, రెండో క్లిక్‌కి ఒక్కసారిగా గెంతింది. లోపల స్ప్రింగు పట్టేసింది.

ఇంకా ఘోరం, పెద్ద కంపెనీల పేర్లు అచ్చుగుద్దిన నకిలీలు. అవి బొమ్మ తుపాకుల కోసం చేసినవి. 500 డాలర్ల సైట్ 60కి ఇస్తున్నారంటే అది ఏమిటో వేరే చెప్పాలా?

కంటిడాక్టరమ్మ
రఘు గారూ, అందరూ బ్రాండ్ల గురించి చెప్తున్నారు, నాకు మాత్రం మీ కామా దగ్గర ఆగాలనిపించింది. నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, మా వారితో రేంజ్‌కి కూడా వెళ్తుంటాను. మీరు వెనక్కి పంపింది బహుశా మంచి పీసే.

రెడ్ డాట్‌లో లేజర్ ఏదీ బయటకి వెళ్ళదు. లోపల ఒక చిన్న ఎల్ఈడీ ఉంటుంది. ఆ వెలుగు వంపు తిరిగిన ముందు అద్దం మీద పడుతుంది. ఆ అద్దానికి ఉన్న పూత ఎరుపు రంగుని మాత్రమే మీ కంటివైపు తిప్పి కొడుతుంది, మిగతా వెలుగంతా లోపలికి రానిస్తుంది. ఎరుపు కొంత పోతుంది కాబట్టి అందులోంచి లోకం కాస్త నీలంగా కనిపిస్తుంది. ఆ చుక్క ఎక్కడో దూరాన ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది. అందుకే మీలాంటి 40 దాటిన వాళ్ళకి హాయి: పుల్ల మీద ఫోకస్ చేయక్కర్లేదు, టార్గెట్ మీదే చూపు పెట్టొచ్చు.

కానీ నల్లటి చీకట్లో వెలిగే చిన్న చుక్క అంటే కంటికి నక్షత్రం లాంటిదే. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం) ఉన్న కన్ను దాన్ని తోకచుక్కలా, ద్రాక్ష గుత్తిలా, గీతలా చూపిస్తుంది. రాత్రిపూట ఎదురొచ్చే కార్ల లైట్లు మీకు గీతలు గీతలుగా చీలినట్టు కనిపిస్తాయా? మీ కళ్ళజోడు చీటీలో సిలిండర్ అనే గడిలో (ఆస్టిగ్మాటిజం కొలత అదే) ఏ నంబరు ఉంది? ఆ రోజు ఏ కళ్ళజోడు పెట్టుకున్నారు?

ప్లేనో_రఘు
మేడమ్, లైట్లు చీలినట్టు కనిపించడం నిజమే. అందరికీ అలాగే కనిపిస్తుందనుకున్నాను. చీటీ వెతికాను, మూడేళ్ళ నాటిది. కుడి కంటికి సిలిండర్ -1.25. ఆ రాత్రి పెట్టుకున్నది కంప్యూటర్ కళ్ళజోడు.

కంటిడాక్టరమ్మ
అయితే తెలిసిపోయింది. అయినా నా మాట మీద వదిలేయకండి, మీరే పరీక్ష చేసుకోండి. ఎవరిదైనా రెడ్ డాట్ తీసుకుని, రైఫిల్ మీద లేకుండా చేత్తో పట్టుకుని, చుక్క చూస్తూ సైట్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పండి. తోక సైట్‌తో పాటు తిరిగితే తప్పు సైట్‌ది. సైట్ తిరుగుతున్నా తోక ఉన్న దిక్కులోనే ఉంటే అది మీ కన్ను. రెండోది, ఫోన్ కెమెరాతో చుక్కని ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా ఉంటే సైట్ బాగున్నట్టే. మూడోది, వెనక ఐరన్ సైట్ చిన్న కన్నంలోంచి చుక్క చూడండి. సన్నని రంధ్రంలోంచి చూస్తే తోక తగ్గిపోతుంది.

వెలుగు కూడా తగ్గించండి. ఎక్కువ మంది చేసే తప్పు ఇదే, నట్టింట్లో ట్యూబ్‌లైట్ కింద పట్టపగటి సెట్టింగ్ పెట్టి చూస్తారు.

మాధవి_పీసీసీ
రఘు గారూ, నేను మీ ప్లేనో పక్కన ఫ్రిస్కోలోనే ఉంటాను. ఆదివారం మా రేంజ్‌కి రండి. నా రోమియో5 ఉంది, మా తమ్ముడిది 403బి ఉంది, ఇంకొకరిది ప్రైమరీ ఆర్మ్స్ మైక్రోప్రిజమ్ (లోపల గాజు ప్రిజమ్ ఉండే ఇంకో రకం సైట్) ఉంది. మూడింట్లోంచీ చూశాకే కొనండి. మీ దూరం కళ్ళజోడు తెచ్చుకోవడం మర్చిపోకండి.

హెచ్1_కిరణ్
అన్నలూ, నేను కూడా రావచ్చా? నేను హెచ్1బీ మీద ఉన్నాను. రేంజ్‌లో అద్దె తుపాకీతో కాలుస్తాను, సొంతంగా ఏమీ లేదు.

వరంగల్_వేట
తమ్ముడూ, ఆగు. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి, అందులో ముఖ్యమైనది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. రేంజ్‌లో అద్దెకి తీసుకుని చేతిలో పట్టుకున్నా లెక్కలోకి వస్తుంది.

ఇక్కడ మనవాళ్ళు పొరబడే చోటు ఒకటి ఉంది. టెక్సాస్‌లో ప్రైవేట్ భూమిలో, యజమాని అనుమతితో అడవి పందిని వేటాడటానికి 2019 సెప్టెంబర్ నుంచి లైసెన్స్ అక్కర్లేదు. అది రాష్ట్రం మాట. నీకు ఫెడరల్ మినహాయింపు కావాలంటే మాత్రం చేతిలో ఆ లైసెన్స్ ఉండాల్సిందే. వీసాతో ఆటలు వద్దు. లాయర్‌ని అడిగి, కాగితం చూసుకుని రా. అంతవరకు మాతో వచ్చి చూడు, తుపాకీ ముట్టుకోకు.

హెచ్1_కిరణ్
థాంక్స్ అన్నా. రెండేళ్ళుగా వెళ్తున్నాను, ఒక్కళ్ళూ ఈ మాట చెప్పలేదు. రేపే లాయర్‌కి మెయిల్ పెడతాను.

హైదరాబాద్_సుధ
నేను ఇండియా నుంచి. మా బాబు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కోచింగ్‌కి వెళ్తున్నాడు. వచ్చే నెల మా అన్నయ్య డాలస్ నుంచి వస్తున్నాడు, ఇలాంటిది ఒకటి తెమ్మని చెప్పొచ్చా?

మాధవి_పీసీసీ
వద్దు సుధ గారూ, రెండు కారణాలు. ఆ ఆటలో రైఫిల్ మీద అద్దాలున్న సైట్ ఏదీ పెట్టనివ్వరు, కన్నంలోంచి చూసే పీప్ సైటే. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు తెచ్చింది అలాంటి సైట్‌తోనే. రెండోది, అమెరికా ఎగుమతి నిబంధనల్లో రెడ్ డాట్ సైట్లని పేరు పెట్టి మరీ చేర్చారు. ఆ నిబంధనలు చూసుకోకుండా సూట్‌కేసులో వేసుకొస్తే మీ అన్నయ్యకి చిక్కు రావచ్చు. బాబుకి మంచి షూటింగ్ జాకెట్ కొనిపెట్టండి.

ప్లేనో_రఘు
ఆదివారం రేంజ్‌కి వెళ్ళొచ్చాను. మాధవి గారికీ, వాళ్ళ తమ్ముడికీ చాలా చాలా థాంక్స్. ఎండలో మూడు గంటలు నాతోనే ఉన్నారు.

రోమియో5 చేతిలో పట్టుకుని తిప్పాను. సైట్ పూర్తిగా చుట్టు తిరిగింది, తోక మాత్రం కుడివైపు కిందకే ఉండిపోయింది. ఒక్క నిమిషం మనసు చివుక్కుమంది. మంచి వస్తువుని తప్పు పట్టి వెనక్కి పంపాను. ఫొటో తీస్తే చుక్క సూదిమొనలా ఉంది. దూరం కళ్ళజోడు పెట్టుకుంటే తోక సగం తగ్గింది. వెలుగు రెండు మెట్లు దించితే ఇంకా తగ్గింది.

ప్రిజమ్ చూస్తే ఆశ్చర్యం! గుర్తు అద్దం మీదే చెక్కి ఉందట. బ్యాటరీ లేకపోయినా నల్లగా కనిపిస్తోంది. అంచులు బ్లేడుతో కోసినట్టు ఉన్నాయి. కానీ తల కాస్త అటూ ఇటూ అయితే చుట్టూ నల్లబడిపోతోంది, పైగా 250 డాలర్ల దగ్గర ఉంది. ఇప్పుడేం చేయమంటారు?

సూర్య_ఆస్టిన్
ప్రిజమ్ తీసుకో బ్రో. కన్ను బాగుపడేది కాదు కదా. 50 డాలర్లు ఎక్కువ పెడితే జీవితాంతం గొడవ ఉండదు.

వరంగల్_వేట
నేను ఒప్పుకోను. పంది నిలబడి పోజు ఇవ్వదు. పొదల్లోంచి ఒక్కసారి పదీ పన్నెండు బయటపడతాయి. తల ఎక్కడ ఉందో చూసుకునే టైమ్ ఉండదు. రెండు కళ్ళూ తెరిచి, చుక్క పడగానే నొక్కాలి. దానికి రెడ్ డాటే. ముందు కొత్త కళ్ళజోడు చేయించుకోండి అన్నా, తర్వాత తేల్చుకోండి.

కంటిడాక్టరమ్మ
నాదీ అదే మాట. మూడేళ్ళ చీటీ పాతది. -1.25 పెద్ద నంబరేమీ కాదు, సరైన అద్దాలు పడితే చాలామందికి చుక్క దాదాపు గుండ్రంగా వస్తుంది. చేయించుకునేటప్పుడు రైఫిల్ పట్టుకున్న భంగిమ చెప్పండి. మనం తల వంచి అద్దంలో పైన ముక్కు వైపు ఉన్న మూలలోంచి చూస్తాం, ప్రోగ్రెసివ్ అద్దాలైతే (దూరానికీ దగ్గరకీ ఒకే అద్దంలో ఉండేవి) అక్కడ తేడా వస్తుంది. షూటింగ్‌కి ఒకే పవర్ ఉన్న సింగిల్ విజన్ మంచిది.

పెద్దాయన_హ్యూస్టన్
అమ్మాయ్, పన్నెండేళ్ళుగా నా ఎయిమ్‌పాయింట్ చుక్క కూడా కోడిగుడ్డులా ఉంటోంది. సైట్ ముసలిదైందనుకున్నాను. రేపు అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.

రఘూ, నువ్వు ఏది కొన్నా సరే, మౌంట్ సంగతి నిర్లక్ష్యం చేయకు. చాలామంది సైట్‌ని తిట్టేది మౌంట్ చేసిన తప్పుకే. సైట్ అడుగున అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది, అది రైఫిల్ పైన ఉండే రైల్ గాడిలో కూర్చోవాలి. కూర్చున్నాక సైట్‌ని ముందుకి, బ్యారెల్ వైపుకి నెట్టిపట్టి అప్పుడు బిగించు. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, సైట్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. మధ్యలో సందు ఉంటే ప్రతి దెబ్బకీ జరుగుతుంది. మాన్యువల్‌లో రాసినంత టార్క్ (బిగింపు) పెట్టు, చేతిబలం చూపించకు. మౌంట్ మరలకి నీలం లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. అది ఆరాక మర తల మీద నుంచి మౌంట్ మీదకి తెల్ల పెయింట్ మార్కర్‌తో సన్న గీత గీయి. గీత విరిగితే మర కదిలినట్టు.

మాధవి_పీసీసీ
బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. జీరో గురించి నేను చెప్తాను.

50 గజాలకి జీరో చేసుకోండి. 5.56కి అది 200 దాకా పనికొస్తుంది, మధ్యలో తూటా రెండు అంగుళాలకి మించి ఎక్కువ తక్కువలు పోదు. ముందు 25 దగ్గర కాల్చండి. అక్కడ గురి కన్నా ఒక అంగుళం కింద పడాలి, కంగారుపడి పైకి తిప్పకండి. సైట్ బ్యారెల్ కన్నా రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది కాబట్టి దగ్గర్లో తూటా కిందే పడుతుంది. 10 గజాల దగ్గరైతే రెండు అంగుళాలు కింద. తర్వాత 50కి వెళ్ళి, ఇసుక సంచి మీద పెట్టి, ఐదేసి రౌండ్లు కాల్చి గ్రూప్ మధ్య భాగం చూసి తిప్పండి. ఒక్కో రౌండ్‌కి ఒక్కో క్లిక్ తిప్పితే సాయంత్రమైనా తేలదు. క్లిక్ 1 ఎంఓఏ అయితే 50 దగ్గర అర అంగుళం, అర ఎంఓఏ అయితే పావు అంగుళం.

కొత్త సైట్ రాగానే ఇంకో పరీక్ష. రైఫిల్ సంచి మీద ఖాళీగా పెట్టి, చుక్క బుల్స్‌ఐ మీదకి తెచ్చి, రైఫిల్ ముట్టుకోకుండా తల మాత్రం అటూ ఇటూ జరపండి. చుక్క కొంచెం కదలడం మామూలే, ఏ సైట్‌లోనైనా ఉంటుంది. మరీ చేతి వెడల్పంత కదిలితే తిరిగి పంపండి.

కంటిడాక్టరమ్మ
ఒక అమ్మగా చెప్తున్నాను. ఆ సీఆర్2032 బిళ్ళని చిన్నపిల్ల మింగితే రెండు గంటల్లోనే గొంతు గొట్టం కాలిపోవచ్చు. వాడేసినవి టేబుల్ మీద పడేయకండి, టేప్ చుట్టి పిల్లలకి అందని చోట పెట్టండి. రైఫిల్ సంగతి చెప్పక్కర్లేదు, సేఫ్‌లోనే. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి తుపాకీ అందేలా వదిలేయడం నేరం కూడా.

ప్లేనో_రఘు
నాలుగు వారాల తర్వాత అప్‌డేట్.

కొత్త అద్దాలు వచ్చాయి. సిలిండర్ -1.75కి చేరిందట. రాత్రి హైవే మీద లైట్లు చుక్కల్లా కనిపిస్తుంటే ఇంటికి వచ్చేదాకా నోట మాట రాలేదు. మాధవి గారి రోమియో5 మళ్ళీ చూశాను. తక్కువ వెలుగులో చుక్క గుండ్రంగా ఉంది, ఎక్కువ పెడితే కాస్త అంచు చెదురుతోంది, అంతే. ప్రిజమ్ వద్దనుకున్నాను. సేల్‌లో 403బి దొరికింది, మౌంట్ పెట్టెలోనే వచ్చింది. మిగిలిన డబ్బుతో తూటాలు కొన్నాను.

మొదటి రోజు 25 దగ్గర అంగుళం కింద పడగానే చెయ్యి టరెట్ (చుక్కని జరిపే మర) మీదకి వెళ్ళింది. మాధవి గారి మాట గుర్తొచ్చి ఆగాను. 50 దగ్గర ఆరు క్లిక్కులతో మధ్యకి వచ్చింది. ఐదు రౌండ్లు రెండు అంగుళాల్లోపు. ఐరన్ సైట్లతో నాకు అది ఐదారు అంగుళాలు ఉండేది.

రెండో రోజు అరవై రౌండ్లయ్యాక గ్రూప్ ఎడమకి జరుగుతున్నట్టు అనిపించింది. భయపడి ఆపేశాను. చూస్తే మౌంట్ మర మీద తెల్ల గీత వెంట్రుకవాసి విరిగి ఉంది. లాక్‌టైట్ ఆరకముందే కాల్చాను, తప్పు నాదే. తుడిచి, ముందుకి నెట్టి, మళ్ళీ బిగించి, ఒక రాత్రంతా ఆరనిచ్చాను. అప్పటి నుంచి 200 రౌండ్లయ్యాయి, గీత చెక్కు చెదరలేదు.

వేట ఫ్రెండ్ నవంబర్ మొదటి వారం అంటున్నాడు. పొద్దు వాలాక వెలుగు ఎంత పెట్టుకోవాలి వరంగల్ అన్నా?

వరంగల్_వేట
సంతోషం రఘన్నా. సాయంత్రం చుక్క కళ్ళకి కొట్టకూడదు, పంది వీపు చుక్క కింద మాయమైపోకూడదు. పొద్దు దిగుతున్నకొద్దీ ఒక్కో మెట్టు దించుతూ రండి. గుళ్ళో దీపం మూల నుంచి కనిపించినంత వెలుగు చాలు. సైట్‌లో నైట్ విజన్ కోసం ఇచ్చిన అడుగు మెట్ల దాకా వెళ్ళకండి, మామూలు కంటికి చుక్కే కనిపించదు. బయల్దేరే ముందు కొత్త బ్యాటరీ వేసి, పాతది జేబులో పెట్టుకోండి. రాంచ్‌కి వెళ్ళగానే రెండు రౌండ్లు కాల్చి జీరో చూసుకోండి, ట్రక్ కుదుపులకి ఏమైనా అయి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.